బైక్ అల్లాయ్ వీల్స్‌కి మళ్లీ రంగు: విప్పడం నుంచి బిగించడం దాకా

అల్లాయ్ వీల్ మీద రంగు ముందుగా ఊడేది మూడు చోట్ల. టైరు మార్చేటప్పుడు లివర్ తగిలే అంచు, వాల్వ్ చుట్టూ, చెయిన్ వైపు హబ్. మొదట చిన్న పొక్కు లేస్తుంది. గోరుతో గీరితే పెచ్చు ఊడి, కింద తెల్లటి పొడి కనిపిస్తుంది. అది అల్యూమినియం తుప్పు. ఇనుప తుప్పులా ఎర్రగా ఉండదు కాబట్టి చాలామంది దాన్ని మట్టి అనుకుని తుడిచేసి, పైన నల్ల స్ప్రే క్యాన్ కొట్టేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఒక వానాకాలం గడిచాక అదే చోట ఇంకా పెద్ద పొక్కు లేస్తుంది.

తప్పు రంగుది కాదు. గాలి తగిలిన క్షణం నుంచే అల్యూమినియం మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర పడుతుంది. లోహాన్ని కాపాడేదీ అదే, రంగుని గట్టిగా పట్టుకోనివ్వనిదీ అదే. గేట్లకీ గ్రిల్స్‌కీ వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ దీని మీద సరిగా నిలవదు. అందుకే ఈ పనిలో బుర్ర పెట్టాల్సినవి రెండే విషయాలు: రంగు కింద ఏం వేస్తున్నాం, రంగు ఎక్కడ పడకుండా చూస్తున్నాం. షేడ్ గ్లాసా, మ్యాటా అన్నది తర్వాత మీ ఇష్టం.

ఇక్కడ చెప్పేది పోత పోసిన అల్యూమినియం అల్లాయ్ వీల్స్ గురించి. అయస్కాంతం పెట్టి చూడండి. రిమ్‌కి అంటుకుంటే అది ఇనుప రిమ్, దానికి పద్ధతి వేరు. క్రోమ్ ప్లేటింగ్ చేసిన అల్లాయ్ అయితే ఇంట్లో గీకడం మొదలుపెట్టకండి. ఆ పొర తీయడం ప్లేటింగ్ షాపు వాళ్ల పని.

మొదట, చక్రం పనికొస్తుందా చూడండి

రంగు పోతే మళ్లీ వేసుకోవచ్చు. పగిలిన చక్రానికి రంగు వేస్తే మాత్రం పగులు దాగిపోతుంది, అంతే. స్పోక్ వచ్చి రిమ్‌లో కలిసే మూలలు, వాల్వ్ రంధ్రం చుట్టూ, గుంతలో పడి నొక్కుకుపోయిన అంచు లోపలి వైపు, ఈ మూడు చోట్లా శుభ్రంగా కడిగి టార్చ్ వేసి చూడండి. అనుమానంగా ఉంటే ఫ్యాబ్రికేషన్ షాపుల్లో వెల్డింగ్ చెక్ చెయ్యడానికి వాడే డై పెనెట్రెంట్ టెస్ట్ చేయించండి. ఎర్ర ద్రవం కొట్టి, కాసేపాగి తుడిచి, తెల్ల డెవలపర్ కొడతారు. పగులుంటే తెల్ల పొర మీద సన్నటి ఎర్ర గీత బయటపడుతుంది.

వంకర చూడటానికి చక్రం బైక్‌కి ఉండగానే ఫోర్క్‌కి ఒక వైరు ముక్క కట్టి, దాని కొన రిమ్‌ని తాకీ తాకనట్టు పెట్టి తిప్పండి. పక్కకి గానీ పైకి గానీ ఊగడం 2 మి.మీ. దాటకూడదని చాలా బైక్‌ల సర్వీస్ మాన్యువల్స్ చెబుతాయి. కొన్నిట్లో హద్దు ఇంకా తక్కువ, 1 మి.మీ. లేదా ఆ లోపే. మీ బైక్ మాన్యువల్‌లో ఉన్నదే లెక్క.

గ్యాస్ టార్చ్‌తో వేడి చేసి బెండ్ తీస్తామనే వాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. ఈ చక్రాలు ఎక్కువగా సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపిన అల్యూమినియంతో పోస్తారు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో హీట్ ట్రీట్‌మెంట్ ఇస్తేనే వాటికి బలం వస్తుంది. మంట తగిలిన చోట ఆ బలం పోతుంది. పగిలినా, వెల్డ్ పడినా, బాగా వంగినా కొత్త చక్రం కొనుక్కోవడమే మంచిది. ఈ ఒక్క విషయంలో డబ్బు ఆదా గురించి ఆలోచించకండి.

విప్పడం

ఒకసారికి ఒక చక్రమే. సెంటర్ స్టాండ్ లేకపోతే ప్యాడాక్ స్టాండ్ తెచ్చుకోండి, ఇటుకల మీద బైక్ నిలబెట్టకండి. విప్పే ముందు యాక్సిల్‌కి రెండు వైపులా ఫోన్‌లో ఫొటోలు తీయండి. ఎడమ స్పేసర్, కుడి స్పేసర్ చూడటానికి ఒకలాగే ఉంటాయి, పొడవు మాత్రం వేరు.

ముందు చక్రం తీశాక క్యాలిపర్‌ని (డిస్క్‌ని పట్టుకునే బ్రేక్ భాగం) హోస్ మీద వేలాడనివ్వకుండా వైరుతో ఫోర్క్‌కి కట్టండి. ప్యాడ్ల మధ్య అట్టముక్క దోపండి. డిస్క్ లేనప్పుడు ఎవరైనా సరదాకి బ్రేక్ లివర్ నొక్కితే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. ఇంట్లో పిల్లలుంటే లివర్ మీద టేప్ చుట్టి పెట్టండి.

డిస్క్, ఏబీఎస్ రింగ్, స్ప్రాకెట్ క్యారియర్ (చెయిన్ పళ్ల చక్రాన్ని మోసే భాగం), దాని వెనక రబ్బర్లు, ఆయిల్ సీళ్లు అన్నీ తీసెయ్యాలి. టైరు కూడా తీయాల్సిందే. టైరు ఉండగా చుట్టూ పేపర్ దోపి రంగు కొట్టే పద్ధతిలో సరిగ్గా తుప్పు మొదలయ్యే అంచే మిగిలిపోతుంది. ట్యూబ్‌లెస్ రబ్బర్ వాల్వ్‌ని కోసి పడేసి, బిగించేటప్పుడు కొత్తది వేయించండి. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం ఎటుందో గుర్తు పెట్టుకోండి.

బేరింగ్ల సంగతి మీరు ఎంచుకునే పూతని బట్టి ఉంటుంది. స్ప్రే పెయింట్ అయితే గట్టిగా మూసి ఉంచెయ్యొచ్చు. పౌడర్ కోటింగ్ (పొడి రంగు కొట్టి ఓవెన్‌లో కాల్చే పూత) అయితే తీసెయ్యాలి, ఎందుకంటే ఓవెన్ వేడికి గ్రీజు కారిపోతుంది, సీళ్లు మాడతాయి. కొట్టి తీసిన బేరింగ్‌ని మళ్లీ వెయ్యకండి. లోపలి రింగ్ మీద పడిన సుత్తి దెబ్బ గోళీలకి తగిలి ఉంటుంది. నంబర్ బేరింగ్ మీదే ఉంటుంది, అదే నంబర్ కొత్తది తెచ్చుకోండి.

పౌడరా, పీయూనా, స్ప్రే క్యానా

రోజూ తిరిగే బైక్‌కి నా ఓటు పౌడర్ కోటింగ్‌కే. సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్ల మందంతో, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలి గట్టిపడుతుంది. రాళ్ల దెబ్బకీ, చెయిన్ గ్రీజుకీ బాగా తట్టుకుంటుంది. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, అటు విజయవాడ, విశాఖ ఆటోనగర్‌ల వైపు వాకబు చేస్తే షాపులు దొరుకుతాయి. అయితే వాళ్లలో చాలామంది రోజంతా చేసేది గేట్లు, గ్రిల్స్, ఫర్నిచర్, అంటే ఇనుము. అందుకే ఇచ్చే ముందు కొన్ని విషయాలు అడగాలి.

"సెవెన్ ట్యాంక్ చేస్తాం సార్" అని గర్వంగా చెబుతారు. ఆ ఏడు తొట్లూ ఇనుము కోసం. అందులో తుప్పు తీసే తొట్టిలో ఉండేది యాసిడ్, అల్యూమినియాన్ని అది తినేస్తుంది. ఫాస్ఫేటింగ్ తొట్టి కూడా ఇనుము కోసమే. అల్యూమినియానికి వేరే కెమికల్ ట్రీట్‌మెంట్ ఉందా, క్రోమేటింగ్ గానీ క్రోమ్ లేని దాని ప్రత్యామ్నాయం గానీ చేస్తారా అని అడగండి. లేదంటే ఆ తొట్లలో ముంచొద్దనీ, గ్రీజు తీసి బ్లాస్టింగ్ (గరుకు రేణువుల్ని గాలితో వేగంగా కొట్టి శుభ్రం చెయ్యడం) మాత్రమే చెయ్యమనీ చెప్పండి.

రెండోది బ్లాస్టింగ్. స్టీల్ గ్రిట్ వాడితే ఇనుప రేణువులు అల్యూమినియంలో దిగబడి, తర్వాత రంగు కింద తుప్పుకి కారణమవుతాయి. గ్లాస్ బీడ్ లేదా అల్యూమినియం ఆక్సైడ్ ఉందేమో కనుక్కోండి. మూడోది పోతలోని సన్న రంధ్రాలు. వాటిలో ఇరుక్కున్న గాలి, నూనె ఓవెన్‌లో బయటికొచ్చి పౌడర్ మీద సూది మొనంత గుంటలు చేస్తాయి. పౌడర్ కొట్టడానికి ముందే చక్రాన్ని ఒకసారి ఖాళీగా ఓవెన్‌లో వేడి చేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఈ మాట చెప్పగానే తల ఊపి అర్థం చేసుకున్న వాడి దగ్గర పని ఇవ్వండి. "అవన్నీ అక్కర్లేదు సార్" అంటే ఇంకో షాపు చూసుకోండి. ఓవెన్ వేడి 200 డిగ్రీలు దాటనివ్వద్దని కూడా చెప్పండి. ఒకే చక్రాన్ని మళ్లీ మళ్లీ కాల్చడం కూడా మంచిది కాదు.

టూ-కే పీయూ (కొట్టే ముందు హార్డనర్, అంటే గట్టిపరిచే ద్రవం, కలిపే పాలీయూరెథేన్) పెయింట్ ఫినిషింగ్ ఇంకా అందంగా ఉంటుంది, కావలసిన షేడ్ కలిపించుకోవచ్చు. కానీ దాని హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే మంచులో ఊపిరితిత్తుల్లోకి వెళితే ఆస్తమా తెచ్చే సరుకు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దాన్ని ఆపవు. ఇంట్లో చక్రం తయారుచేసి ప్రైమర్ దాకా మీరు కానిచ్చి, పీయూ మాత్రం బూత్ ఉన్న కార్ పెయింటర్ చేత కొట్టించుకోవడం తెలివైన పద్ధతి. స్ప్రే క్యాన్‌లలోనూ టూ-కే రకాలు దొరుకుతాయి. వాటిలోనూ ఉండేది ఇదే హార్డనర్.

మామూలు స్ప్రే క్యాన్ చవక, సులువు. పెట్రోలు, డీజిలు, థిన్నర్ తగిలితే మెత్తబడుతుంది. వారానికోసారి వాటర్ వాష్‌లో డీజిల్ కొట్టించే అలవాటుంటే దీని జోలికి వెళ్లకండి.

ఇక్కడి నుంచి చెప్పేది ఇంట్లో స్ప్రే చేసేవాళ్ల కోసం. పౌడర్‌కి ఇచ్చేవాళ్లు మాస్కింగ్ (రంగు పడకూడని చోట్లు మూయడం) భాగం మాత్రం తప్పక చదవండి.

కడగడం

చెయిన్ గ్రీజుని కిరోసిన్‌తో, పాత టూత్ బ్రష్‌తో వదిలించి, ఆ వెంటనే గిన్నెలు తోమే లిక్విడ్, వేడి నీళ్లతో రెండుసార్లు కడగండి. కాస్టిక్ సోడా, బాత్రూమ్ యాసిడ్ దగ్గరికి రానివ్వకండి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగిస్తూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది. నురగ వస్తుంటే బాగా శుభ్రమవుతోందనుకుంటారు, నిజానికి అక్కడ కరిగేది చక్రం. వెనక డ్రమ్ బ్రేక్ ఉంటే ఆ దుమ్ముని ఎయిర్ గన్‌తో ఊదకండి, తడిగుడ్డతో తీయండి.

పైకి కనిపించని శత్రువు ఇంకొకటుంది. సర్వీసింగ్ తర్వాత టైర్లు నిగనిగలాడాలని రాసే పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. అది రిమ్ మీదికి పాకుతుంది. దాని మీద రంగు పడితే గుండ్రటి చిన్న గుంటలుగా విడిపోతుంది. కాబట్టి శాండ్ పేపర్ పట్టకముందే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ పెయింట్ షాపులో దొరికే గ్రీజ్ రిమూవర్ గానీ వేసి తుడవాలి. ముందు పేపర్ పడితే సిలికాన్ ఆ గీతల్లోకి దిగిపోతుంది, ఇక బయటికి రాదు. తుడిచే పద్ధతి కూడా ముఖ్యం: తడి గుడ్డతో రుద్ది, ఆరకముందే రెండో పొడి గుడ్డతో ఎత్తెయ్యాలి. ఒకే గుడ్డతో చక్రమంతా తుడిస్తే నూనెని ఒకచోట నుంచి ఇంకోచోటికి పూసినట్టే.

శుభ్రమైందో లేదో తెలియాలంటే నీళ్లు చల్లండి. నీరు చుక్కలు కట్టకుండా పలచటి పొరలా పరుచుకుంటే సరే. చుక్కలు కడితే మళ్లీ తుడవండి.

పాత రంగు, తుప్పు

కంపెనీ రంగు గట్టిగా ఉన్న చోట దాన్ని తీయకండి. మంచి ప్రైమర్ కంటే బాగా అతుక్కున్న ఫ్యాక్టరీ పూత నయం. పొక్కులున్న చోట 120 నంబర్ పేపర్‌తో తెల్ల పొడి పూర్తిగా పోయి మెరిసే లోహం వచ్చేదాకా రుద్ది, చుట్టూ ఉన్న పాత రంగు అంచుని 220, ఆపైన 320తో సాఫీ చెయ్యండి. కళ్లు మూసుకుని వేలు జరిపితే మెట్టు తగలకూడదు. మిగతా రంగంతా 400 నంబర్ వాటర్ పేపర్‌తో మెరుపు చచ్చేదాకా పట్టాలి. స్పోక్‌ల మూలల్లో పేపర్ దూరదు, అక్కడ ఎర్ర స్కాచ్-బ్రైట్ వాడండి.

లేత్ మీద కోసి మెరిపించి పైన క్లియర్ (రంగులేని పారదర్శక పూత) కొట్టిన చక్రాల మీద క్లియర్ కింద సన్నటి తెల్ల గీతలు మెలికలు తిరుగుతూ పాకుతుంటాయి. ఇది కనిపిస్తే అతుకులతో లాభం లేదు, ఆ ముఖం మీద క్లియర్ అంతా తీసెయ్యాలి. పెయింట్ రిమూవర్ రాసి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి పావుగంట వదిలితే పాత రంగు అప్పడంలా పొంగుతుంది. ప్లాస్టిక్ గరిటెతో గీకాలి. రిమూవర్ చర్మాన్ని కాలుస్తుంది, దాని ఆవిరి ప్రమాదం. ఆరుబయట, రసాయనాలకి తట్టుకునే గ్లవ్స్, కళ్లద్దాలతోనే పని. చివర్లో డబ్బా మీద చెప్పినట్టు దాన్ని పూర్తిగా కడిగెయ్యకపోతే కొత్త రంగుని కూడా అదే పొంగిస్తుంది.

డ్రిల్‌కి ఇనుప వైర్ బ్రష్ బిగించి గీకడం వద్దు. స్టీల్ గ్రిట్‌తో వచ్చే సమస్యే ఇక్కడా వస్తుంది.

అంచు మీద గీతలు లోతుగా ఉంటే అల్యూమినియం పొడి కలిసిన లప్పం పలచగా పెట్టి, ఆరాక 180, 320 పట్టండి. లప్పం అందానికే, బలానికి కాదు. టైరు కూర్చునే లోపలి అంచులో లప్పం అస్సలు పెట్టకూడదు. రిమ్ సైజు, తిరిగే దిశ, తయారీ వివరాలు పోత మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. వాటిని రుద్ది చెరపకండి.

మాస్కింగ్

రంగు బాగా రాకపోతే బండి అందవిహీనంగా ఉంటుంది. మాస్కింగ్ తప్పితే బ్రేకు పాడవుతుంది.

డిస్క్ కూర్చునే ముఖం మీద రంగు ఉండకూడదు. ప్రైమర్, రంగు, క్లియర్ కలిసి 100 మైక్రాన్ల దాకా అవుతాయి. ఆ మెత్తటి పొర మీద డిస్క్ బిగిస్తే, బ్రేక్ వేడికీ ఒత్తిడికీ రంగు నలిగి పలచబడుతుంది. అంతమేరకు బోల్టు బిగువు తగ్గుతుంది. ఒకవైపు మందం ఎక్కువైతే డిస్క్ ఊగి బ్రేక్ లివర్ వేళ్ల కింద కొట్టుకుంటుంది. స్ప్రాకెట్ క్యారియర్ తాకే ముఖాలు, యాక్సిల్ స్పేసర్ ఆనుకునే చోటు, బోల్టు తల కింద భాగం, ఏబీఎస్ రింగ్ కూర్చునే చోటు, వీటికీ ఇదే నియమం. బేరింగ్ కూర్చునే గాడిలో రంగు పడితే బేరింగ్ వంకరగా దిగుతుంది. డ్రమ్ బ్రేక్ చక్రంలో లోపల ఇనుప లైనర్ ఉంటుంది, దాన్ని గుండ్రటి అట్ట కోసి పూర్తిగా మూసెయ్యండి.

బోల్టు రంధ్రాల్లో పాత బోల్టులు రెండు మరలు తిప్పి పెట్టడం సులువైన పద్ధతి. పౌడర్ కోటింగ్‌కైతే మామూలు మాస్కింగ్ టేప్ ఓవెన్‌లో మాడిపోతుంది. వేడికి ఆగే పాలియెస్టర్ టేప్, సిలికాన్ బిరడాలు కావాలి. ఎక్కడెక్కడ పౌడర్ పడకూడదో మార్కర్‌తో చక్రం మీదే గీసి, ఫొటో తీసి, షాపు అతనికి చూపించండి. నోటిమాట సాయంత్రానికి గాలికి పోతుంది.

టైరు కూర్చునే అంచు మాత్రం వేరు. దాన్ని పచ్చిగా వదిలేస్తే అక్కడే మళ్లీ తుప్పు పట్టి గాలి మెల్లగా దిగిపోతుంది. మందంగా కొడితే టైరు సరిగా కూర్చోదు. ప్రైమర్ ఒక పలచటి కోటు, రంగు ఒక పలచటి కోటు చాలు. క్లియర్ వద్దు.

ప్రైమర్

పేపర్ పట్టిన కొత్త లోహాన్ని రాత్రంతా వదిలెయ్యకుండా అదే రోజు, కుదిరితే గంట రెండు గంటల్లోపు ప్రైమర్ కొట్టండి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, వేలిముద్రలోని ఉప్పు, నూనె కూడా చెరుపే.

దారులు రెండు. ఒకటి ఎచ్ ప్రైమర్. ఇందులోని ఫాస్ఫారిక్ యాసిడ్ లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు ఇస్తుంది. లోహం లీలగా కనిపించేంత పలచగా ఒకే కోటు కొట్టాలి. మందంగా కొడితే అడుగున యాసిడ్ మిగిలి పట్టు పోతుంది. దాని పైన అదే కంపెనీ చెప్పిన ఫిల్లర్ ప్రైమర్ వెయ్యాలి. రెండోది టూ-ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్. గరుకు చేసిన లోహం మీద నేరుగా వెయ్యొచ్చు, తేమని బాగా ఆపుతుంది. తీరప్రాంతం వాళ్లకి నేను చెప్పేది ఇదే. దీన్ని కొట్టేటప్పుడు కూడా ఆర్గానిక్ వేపర్ మాస్కు, గ్లవ్స్ ఉండాలి.

రెండూ మంచివే కదా అని ఎచ్ మీద ఎపాక్సీ కొట్టెయ్యకండి. ఎచ్‌లోని యాసిడ్ ఎపాక్సీ హార్డనర్‌ని దెబ్బ తీస్తుంది. చాలా కంపెనీలు వద్దనే రాస్తాయి. పాలియెస్టర్ లప్పం కూడా ఎచ్ ప్రైమర్ మీద నిలవదు. లప్పం అవసరమైతే ఎపాక్సీ దారిలో వెళ్లండి.

ప్రైమర్ ఆరాక 600 వాటర్ పేపర్‌తో తేలిగ్గా పట్టి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఎక్కడైనా లోహం బయటపడితే అక్కడ మళ్లీ ప్రైమర్ కొట్టాలి.

రంగు, క్లియర్

మన దగ్గర ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం, పొద్దున మంచు తేమ ఆరిపోయాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాలి. మే నెల హైదరాబాద్ ఎండలో థిన్నర్ గాల్లోనే ఎగిరిపోయి రంగు పొడిపొడిగా పడుతుంది. వానాకాలంలో, విశాఖ, నెల్లూరు లాంటి చోట్ల ఉక్కపోత రోజుల్లో, త్వరగా ఆరే లాక్వర్ రకం రంగుల మీద గాలిలో తేమ చేరి తెల్లటి మసక కమ్ముతుంది.

యాక్సిల్ రంధ్రంలో ఒక పైపు దూర్చి రెండు స్టూళ్ల మధ్య పెట్టండి, చక్రాన్ని తాకకుండా తిప్పుకోవచ్చు. దుమ్ము లేవకుండా కింద నీళ్లు చల్లండి. దగ్గర్లో స్టవ్ గానీ అగరబత్తి గానీ వెలుగుతూ ఉండకూడదు.

క్యాన్‌లో గోళీ శబ్దం మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు ఊపాలి. 25 సెం.మీ. దూరంలో, చేతిని ఆపకుండా, ఒక వరుస మీద ఇంకో వరుస సగం పడేలా కొట్టండి. ముందు స్పోక్‌ల లోపలి పక్కలు, మూలలు, తర్వాత రిమ్ లోపలి వలయం, ఆఖరున ఎదురుగా కనిపించే ముఖం. ముఖంతో మొదలుపెడితే మూలలు కొట్టేటప్పుడు గాల్లోనే ఆరిన రంగు తుంపర వచ్చి దాని మీద పడి గరుకవుతుంది.

మొదటి కోటు కింద ప్రైమర్ కనిపించేంత పలచగా ఉండాలి. అది సరిపోలేదనిపిస్తుంది, అయినా ఆగండి. పది నిమిషాల తేడాతో రెండు మూడు కోట్లు పడితే నిండుతుంది. రంగు కారితే తుడవొద్దు. పూర్తిగా ఆరాక 1000 నంబర్ పేపర్‌తో తీసి మళ్లీ కొట్టండి. క్లియర్ రెండు కోట్లు, డబ్బా మీద చెప్పిన సమయంలోనే. ఆ సమయం దాటితే పేపర్ పట్టకుండా పైన ఏదీ కొట్టకూడదు. మ్యాట్ ఫినిష్ కావాలంటే మ్యాట్ క్లియరే కొనాలి, దాన్ని తర్వాత పాలిష్ చెయ్యలేం.

ఆరడం, బిగించడం

ముట్టుకుంటే ఆరినట్టుండటం వేరు, టైరు మెషీన్ ఒత్తిడికి ఆగడం వేరు. పెయింట్ అయితే వారం రోజులు నీడలో వదిలెయ్యండి. టేప్ మాత్రం ఆఖరి కోటు పూర్తిగా గట్టిపడకముందే, అంచుని వెనక్కి మడిచి లాగుతూ తీయాలి.

టైరు వేయించడానికి ప్లాస్టిక్ గార్డులున్న మెషీన్ షాపుకే వెళ్లండి. పంక్చర్ షాపులో ఇనుప లివర్లతో వేస్తే ఇన్ని రోజుల పనీ రెండు నిమిషాల్లో గీతలు పడుతుంది. సబ్బు నీళ్లు ధారాళంగా రాయమనండి. కొత్త వాల్వ్ వేశాక గాలి నింపి, వాల్వ్ చుట్టూ, రెండు అంచుల్లో సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడండి. బ్యాలెన్సింగ్ చేయిస్తే అతికించే రకం బరువులు వాడమని చెప్పండి.

డిస్క్ బిగించే ముందు ముఖం మీద రంగు మరక లేదని చూసి, బోల్టు మరలకి థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) రాసి, ఎదురెదురు బోల్టులు మార్చుకుంటూ మాన్యువల్‌లోని టార్క్‌కి బిగించండి. డిస్క్‌ని బ్రేక్ క్లీనర్‌తో తుడవడం చక్రానికి బిగించకముందే చెయ్యాలి. ఆ క్లీనర్ కొత్త రంగు మీద పడితే మరక ఖాయం. బండి కదిలించే ముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా కొన్నిసార్లు నొక్కండి. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం చల్లగా ఉన్నప్పుడు డిస్క్, యాక్సిల్ బిగువు మరోసారి చూడండి.

మొదటి నెల ప్రెషర్ వాష్ వద్దు, షాంపూ నీళ్లు చాలు. చెయిన్‌కి లూబ్ కొట్టేటప్పుడు రిమ్‌కి అడ్డంగా అట్టముక్క పెట్టండి. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చేటప్పుడు చక్రం మీద తడి గుడ్డ కప్పండి. డాట్ 3, డాట్ 4 ద్రవాలు రంగుని పొంగిస్తాయి. చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పొయ్యాలి.